గోడకు చెవులు

సౌనాలోకి వెళ్ళే ముందు
రెండు చెవులూ తీసేస్తాను.
తల మీంచి ఊడిన అయస్కాంతం బిళ్ళ
ఇనప మేకును చూడగానే ఎగిరి అతుక్కుంటుంది.
ఎడమది తువ్వాలు పక్కన, కుడిది వెయిక్కో టోపీ పక్కన
గబ్బిలాల్లా వేలాడుతుంటాయి.
గోడకు చెవులుంటాయంటే
మా ఇంట్లో ఎవరూ నవ్వరిప్పుడు, పాతబడిపోయింది.

నాకు వినికిడి ఒక్క రోజులో పోలేదు.
అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసినట్టు
కొంచెం కొంచెంగా సామాను మోసుకుపోయింది.
ముందు సన్నవి: కీచురాయి, కెటిల్ ఈల,
కాగిన రాళ్ళ మీద నీళ్ళు పడ్డప్పటి సుయ్‌మన్న చప్పుడు.
తర్వాత టెలిఫోన్. తర్వాత మాటల్లోంచి స, త, ప.
ఆఖరికి వెయిక్కో గొంతు.
గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ నిలబడి నిలబడి
అదీ పోయింది.

నలభై నాలుగో ఏట, కువోపియో ఆసుపత్రిలో
ఎడమ చెవి వెనక కోసి
లోపలి నత్తగుల్లలోకి సన్నటి తీగ దూర్చారు.
నెల తర్వాత మీట నొక్కితే
తగరం డబ్బాలో గులకరాళ్ళు.
"అది నా గొంతే" అని కాగితం మీద రాసి చూపించింది
ఆడియాలజిస్టు సైమి.
వెయిక్కో జలుబు చేసిన బాతులా మాట్లాడాడు.
ఏడుస్తానేమోనని రుమాలు తెచ్చుకున్నాను.
నవ్వొచ్చింది.

ఆరేళ్ళు ఒక్క చెవి.
కుక్క, లారీ, దేవుడు,
అందరి కాపురమూ ఎడమ వైపే.
"ఇక్కడ!" అని ఎవరైనా అరిస్తే
ఆ ఇక్కడ ఎక్కడో వెతుక్కునేదాన్ని.
పైగా ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసే
వెసులుబాటు లేదు.
ఆడపడుచు ఐలీ అన్నవన్నీ లోపలే నిలవున్నాయి.

యాభైలో కుడిది పెట్టారు.
ఏడాది పాటు రెండూ
పడని తోడికోడళ్ళలా
ఒకటి అన్నది ఇంకొకటి ఒప్పుకోలేదు.
ఒక పొద్దున వంటింట్లో చెంచా పడింది.
తల దానంతట అదే కుడికి తిరిగింది.
చెంచా అక్కడే ఉంది.
తియ్యకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

టోపీ లాగితే చెవి ఊడొస్తుంది.
కారు దిగబోతే తలుపు చట్రానికి అతుక్కుపోతుంది.
ఐలీ అడవి వాటాల దగ్గరికొచ్చేసరికి
బ్యాటరీలు అయిపోతాయి.
కొత్తవి జేబులోనే ఉంటాయి.

సౌనాలో మాత్రం నేను పాత చెవిటిదాన్నే.
ఆ వేడికీ తడికీ ఈ యంత్రాలు తట్టుకోవు.
వెయిక్కో గరిటె ఎత్తి కళ్ళతో అడుగుతాడు,
నేను తలూపుతాను.
నీళ్ళు పోశాడని భుజాలకు తెలుస్తుంది.
పై మెట్టు మీద వాళ్ళన్న తైస్తో, ఆయన కొడుకు యూసో.
ఆవిరిలో పెదవులు చదవలేను.
ఎన్ని శనివారాలు
నాకందని కబుర్లేవో అక్కడ నడుస్తున్నాయని
నా మోకాళ్ళు నేను చూసుకుంటూ కూర్చున్నానో.

ఈ నవంబరులో మంచు మీద జారి
మడమకు కుట్లు పడ్డాయి.
పది రోజులు సౌనా వద్దన్నారు.
బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చున్నాను.
చెవులు రెండూ తల మీదే.
మేకులు ఖాళీ.

తలుపవతల గరిటె బకెట్టుకు తగిలింది.
ఆ వెంటనే
కాగితం చింపినట్టు, కాదు, చేపలు వేగినట్టు, కాదు,
ఎవరో "ష"తో మొదలయ్యే పొడుగాటి మాట
చెప్పబోయి మానుకున్నట్టు.
కుడి వైపు నుంచి.
పొయ్యి ఉన్నది కుడి వైపే.
ముప్పై ఏళ్ళ కిందట సామాను మోసుకెళ్ళినవాడు
ఏదో మర్చిపోయానంటూ తలుపు తట్టాడు.

చెవులు రిక్కించాను, కబుర్ల కోసం.
ఒక దగ్గు.
బల్ల కిర్రుమంది.
మళ్ళీ నీళ్ళు.
అరగంట,
ఎవ్వరూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

వెయిక్కో ఎర్రటి మొహంతో బయటికొచ్చాడు.
"లోపల ఏం మాట్లాడుకున్నారు?" అన్నాను.
తువ్వాలు కోసం గోడ తడుముతూ
"ఎప్పుడూ మాట్లాడుకునేవేగా" అన్నాడు.